జెర్సీ నంబర్ పొజిషన్‌ని బట్టి ఇవ్వాలా, ఆటగాడిని బట్టి ఇవ్వాలా?

మీరు అడిగింది ఇదీ: కాలేజీ ఫుట్‌బాల్ టీమ్‌కి 20 జెర్సీలు కొట్టిస్తున్నారు. గోల్‌కీపర్‌కి 1, బ్యాక్‌లకి 2 నుంచి 5, ఫార్వర్డ్‌కి 9 అని పొజిషన్ లెక్కన ఇవ్వాలని సీనియర్లు అంటున్నారు. ఎవరికి నచ్చిన నంబర్ వాళ్లకివ్వాలని పిల్లలు అంటున్నారు. అదే ఆర్డర్‌లో వాలీబాల్, కబడ్డీ సెట్లు కూడా ఉన్నాయి, వాటికీ ఇదే పద్ధతా అని మీ సందేహం.

సూటిగా చెప్తాను. పొజిషన్ ప్రకారం ఇవ్వక్కర్లేదు. ఒక్కొక్కరికి ఒక నంబర్ ఇవ్వండి, సీజన్ అయ్యేదాకా అది మార్చకండి. ఫుట్‌బాల్‌లో 1 మాత్రం గోల్‌కీపర్‌కి ఉంచండి. వాలీబాల్, కబడ్డీల్లో పొజిషన్ లెక్కన ఇస్తే ఉపయోగం లేకపోగా గందరగోళం పెరుగుతుంది. పొజిషన్‌కీ నంబర్‌కీ నిజంగా లంకె అవసరమైన ఆటలు కొన్ని ఉన్నాయి, వాటి సంగతి కింద రాశాను.

ముందు సీనియర్ల మాట ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. వాళ్లు ఉత్తినే అనడం లేదు. ఇంగ్లండ్ లీగ్‌లో నంబర్లు తొలిసారి కనిపించింది 1928 ఆగస్టు 25న, ఆర్సెనల్, చెల్సీ జట్లు ఆడిన మ్యాచ్‌లలో. 1933 ఎఫ్‌ఏ కప్ ఫైనల్లో ఎవర్టన్ వాళ్లు 1 నుంచి 11, మాంచెస్టర్ సిటీ వాళ్లు 12 నుంచి 22 వేసుకున్నారు. సిటీ గోల్‌కీపర్ వీపు మీద ఉన్నది 22. అంటే అప్పటికి నంబర్ మైదానంలో ఉన్న మనుషుల్ని గుర్తుపట్టడానికే. ఇంగ్లండ్ లీగ్ 1939లో నంబర్లను తప్పనిసరి చేసింది.

పొజిషన్ నంబర్లు పుట్టింది 2-3-5 అనే పాత ఫార్మేషన్ నుంచి, అంటే వెనక ఇద్దరు బ్యాక్‌లు, మధ్యలో ముగ్గురు హాఫ్‌లు, ముందు అయిదుగురు ఫార్వర్డ్‌లు. వెనక నుంచి ముందుకి, కుడి నుంచి ఎడమకి లెక్కపెట్టుకుంటూ పోతే నంబర్లు వాటంతట అవే పడతాయి: గోల్‌కీపర్ 1, కుడి బ్యాక్ 2, ఎడమ బ్యాక్ 3, ముగ్గురు హాఫ్‌లు 4, 5, 6, ఆపైన అయిదుగురు ఫార్వర్డ్‌లు కుడి వింగ్ 7 నుంచి ఎడమ వింగ్ 11 దాకా. చాలా శుభ్రమైన లెక్క. చిక్కల్లా ఆ ఫార్మేషన్ పోయి దశాబ్దాలు గడిచినా నంబర్లు మిగిలిపోవడం.

ఒకే నంబర్ ఒక్కో దేశంలో ఒక్కో పొజిషన్. 1925లో ఆఫ్‌సైడ్ రూల్ మారింది. ఫార్వర్డ్‌కీ గోల్ లైన్‌కీ మధ్య ముగ్గురు ప్రత్యర్థులు ఉండాలన్నది ఇద్దరికి తగ్గింది. ఫార్వర్డ్‌లకు స్వేచ్ఛ పెరిగేసరికి ఇంగ్లండ్‌లో సెంటర్ హాఫ్‌ని, అంటే 5ని, ఇద్దరు బ్యాక్‌ల మధ్యకి దించారు. మనవాళ్లు స్టాపర్ అనేది ఈ పొజిషన్‌నే. తర్వాత 6 కూడా అతని పక్కకి చేరాడు. అందుకే ఇంగ్లిష్ లెక్కలో బ్యాక్ లైన్ కుడి నుంచి ఎడమకి 2, 5, 6, 3. అర్జెంటీనాలో 5 మిడ్‌ఫీల్డ్‌లోనే ఉండిపోయాడు, వాళ్ల బ్యాక్ లైన్ 4, 2, 6, 3. బ్రెజిల్‌లో 2, 3, 4, 6. ఎడమ బ్యాక్ అంటే ఇంగ్లండ్ వాడికి 3, బ్రెజిల్ వాడికి 6. ఇప్పుడు మీరు "పొజిషన్ ప్రకారం" అంటే ఏ దేశపు పొజిషన్ ప్రకారం? మీ సీనియర్ ఒక లెక్క చెప్తాడు, యూట్యూబ్‌లో క్లిప్‌లు చూసి వచ్చిన కుర్రాడు ఇంకో లెక్క చెప్తాడు. ఇద్దరి మాటా నిజమే. ఈ వాదన ప్రతి టీమ్‌లో రావడానికి అసలు కారణం ఇదే.

పైగా మీ టీమ్ ఈ వారం 4-4-2, వచ్చే వారం 3-5-2 ఆడితే? మూడో స్టాపర్‌గా దిగినవాడి నంబరేంటి? 60వ నిమిషంలో 9 బయటికి వచ్చి 14 లోపలికి వెళ్తాడు, కానీ 14 ఎడమ బ్యాక్‌లో ఆడతాడు, ఎడమ బ్యాక్ మిడ్‌ఫీల్డ్‌కి జరుగుతాడు, మిడ్‌ఫీల్డర్ ముందుకి వెళ్తాడు. ఒక్క సబ్‌స్టిట్యూషన్‌తో ముగ్గురి నంబర్లు పొజిషన్ తప్పాయి. పొజిషన్ లెక్క నిలబడేది తొలి విజిల్ నుంచి తొలి మార్పు దాకానే.

నంబర్ చూసి పొజిషన్ ఊహించుకుంటే ఏమవుతుందో 1953 నవంబర్ 25న వెంబ్లీలో లోకమంతా చూసింది. హంగేరీ జట్టులో 9 వేసుకున్నవాడు హిడెగ్‌కుటి. 9 అంటే సెంటర్ ఫార్వర్డ్, అతన్ని పట్టుకోవాల్సింది ఇంగ్లండ్ 5, హ్యారీ జాన్‌స్టన్. కానీ హిడెగ్‌కుటి ముందు నిలబడకుండా మిడ్‌ఫీల్డ్‌లోకి దిగి ఆడాడు. అతని వెంట వెళ్తే వెనక ఖాళీ, వెళ్లకపోతే అతనికి బాల్‌తో తిరిగేంత తీరిక. మొదటి నిమిషంలోనే గోల్ కొట్టాడు, మొత్తం మూడు కొట్టాడు. స్కోరు 6-3. మీ డిఫెండర్లకు ఇది తప్పకుండా చెప్పండి: ఎదుటి 9ని కాదు, ఎదుట నిలబడ్డవాడిని చూడాలి.

భారత జట్టు కోచ్, మన హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారు 1962 జకార్తా ఆసియా క్రీడల్లో చేసింది కూడా ఇలాంటిదే. తలకి దెబ్బ తగిలిన స్టాపర్ జర్నైల్ సింగ్‌ని ఫార్వర్డ్‌గా దింపారు. దక్షిణ కొరియాతో ఫైనల్ 2-1తో గెలిచాం, అందులో ఒక గోల్ జర్నైల్‌ది. పొజిషన్‌కి మనిషిని కట్టేసి ఆలోచించే కోచ్ ఆ నిర్ణయం తీసుకోలేడు.

ప్రపంచకప్‌లో నంబర్లు వచ్చింది 1950లో. ఒక్కో ఆటగాడికి టోర్నీ మొత్తానికి ఒకే నంబర్ అన్నది 1954 నుంచి. ఆ తర్వాత పొజిషన్ లంకె తెగిపోవడం మొదలైంది. 1958లో బ్రెజిల్ గోల్‌కీపర్ జిల్మార్ వేసుకున్నది 3. 1974లో నెదర్లాండ్స్ వాళ్లు ఇంటిపేర్ల అక్షర క్రమంలో నంబర్లు ఇచ్చారు, ఒక్క స్టార్ ఆటగాడు క్రైఫ్‌కి మాత్రం అతను కోరుకున్న 14 ఇచ్చారు. దాంతో 1 ఫార్వర్డ్ ఖేల్స్‌కి పడింది, గోల్‌కీపర్ యాంగ్‌బ్లడ్ 8తో ఆడాడు. ఆ జట్టు ఫైనల్ దాకా వెళ్లింది. 1982లో అర్జెంటీనా 1 మిడ్‌ఫీల్డర్ ఆర్డిలెస్ వీపు మీద ఉంది, గోల్‌కీపర్ ఫిల్లోల్ 7. ఇప్పుడు ప్రపంచకప్‌లో 1 గోల్‌కీపర్‌కే ఇవ్వాలి. ఇంగ్లండ్‌లో ప్రీమియర్ లీగ్ 1993-94 నుంచి సీజన్ మొత్తానికి ఒకే నంబర్, వీపు మీద పేరు అన్న పద్ధతికి వచ్చింది.

మరి నంబర్ అసలు పనేంటి? టేబుల్ దగ్గర కూర్చున్నవాళ్లని అడిగితే తెలుస్తుంది. రెఫరీ ఎల్లో కార్డ్ చూపించి పుస్తకంలో రాసుకునేది నంబరే. హాఫ్ టైమ్‌లో టీమ్ షీట్ చూసి పేరు కలుపుతారు. మ్యాచ్ మ్యాచ్‌కీ నంబర్లు మారే టీమ్‌లో ఒక మ్యాచ్‌లో 4 వేసుకుని కార్డ్ తిన్నవాడు మర్నాడు 6 వేసుకుని ఆడతాడు. రెండో కార్డ్ పడగానే ఎవరిని సస్పెండ్ చేయాలన్న గొడవ మొదలవుతుంది, నిజంగా తప్పు చేయని కుర్రాడు బెంచీ మీద కూర్చుంటాడు. గోల్స్ లెక్క కూడా అంతే. జిల్లా సెలెక్షన్లలో "ఆ 11 బాగా ఆడాడు" అని సెలెక్టర్ రాసుకుంటాడు. మరుసటి రోజు 11 వేరే పిల్లాడి మీద ఉంటే నష్టపోయేది మొదటివాడు. ఈ ఒక్క కారణం చాలు, నంబర్ మార్చకండి అని నేను పట్టుబట్టడానికి.

ఇక పొజిషన్ భాష. కోచ్‌లు "సిక్స్ దగ్గర ఉండు", "ఎయిట్ ముందుకి వెళ్లాలి", "టెన్‌కి బాల్ ఇవ్వు" అంటారు. డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్ 6, రెండు బాక్స్‌ల మధ్య తిరిగేవాడు 8, ఫార్వర్డ్ వెనక ఆడేవాడు 10. ఈ భాష మంచిదే, వాడండి. కాకపోతే అది పని పేరు, జెర్సీ పేరు కాదు అని మొదటి ప్రాక్టీస్ రోజే చెప్పేయండి. బోర్డు మీద గీసేటప్పుడు పొజిషన్‌ని మాటల్లో రాసి, దాని కింద ఆటగాడి పేరు రాయండి. బోర్డు మీద ఉత్త అంకె వేస్తే అది పొజిషనా, జెర్సీనా తెలియక సగంమంది తలలూపి ఊరుకుంటారు, మైదానంలోకి వెళ్లాక తప్పు చోట నిలబడతారు. పన్నెండేళ్లలోపు పిల్లలకైతే నంబర్‌కీ పొజిషన్‌కీ లంకె అసలు పెట్టకండి. చిన్నప్పుడు 3 ఇచ్చి బ్యాక్‌లో నిలబెడితే వాడు ముందుకి పరిగెత్తడానికే సంకోచిస్తాడు. ఆ వయసులో అన్ని పొజిషన్లూ తిరగాలి.

లంకె నిజంగా అవసరమైన ఆటలు. రగ్బీ యూనియన్ ముందు చెప్పుకోవాలి. 1 నుంచి 15 దాకా ప్రతి నంబర్ ఒక పొజిషన్, 8 పొజిషన్ పేరే "నంబర్ ఎయిట్". కారణం స్క్రమ్, అంటే రెండు జట్ల ఫార్వర్డ్‌లు వరసలు కట్టి, తలలు వంచి భుజాలతో తోసుకోవడం. ముందు వరసలో 1 లూజ్‌హెడ్ ప్రాప్, 2 హుకర్, 3 టైట్‌హెడ్ ప్రాప్. లూజ్‌హెడ్ తల ఎడమ పక్క బయటికి ఖాళీగా ఉంటుంది, ప్రత్యర్థి భారం కుడి భుజం మీదే. టైట్‌హెడ్ తల ఇద్దరు ప్రత్యర్థుల మధ్య ఇరుక్కుంటుంది, రెండు భుజాల మీదా భారం పడుతుంది. ఈ పనులు వేరు, శిక్షణ లేనివాడు దిగితే మెడకి ప్రమాదం. అందుకే ముందు వరసకి శిక్షణ ఉన్నవాళ్లు లేకపోతే తోపులాట లేని స్క్రమ్‌లే ఆడించాలని నిబంధన. బెంచీ మీద కూడా 16, 17, 18 ముందు వరస వాళ్లవే. ఇక్కడ నంబర్ చూడగానే పని తెలియడం భద్రతకి సంబంధించిన విషయం. అయినా దక్షిణాఫ్రికాలో 6, 7 ఫ్లాంకర్లు మిగతా దేశాలకి తలకిందులుగా ఉంటారు. సంప్రదాయం ఎక్కడికి వెళ్తే అక్కడి నీళ్లు తాగుతుంది.

రెండోది అమెరికన్ ఫుట్‌బాల్. అక్కడ అఫెన్సివ్ లైన్ వాళ్లకి 50 నుంచి 79 మధ్య నంబర్లు. ముందుకి విసిరిన పాస్‌ని అందుకునే హక్కు మామూలుగా వాళ్లకి ఉండదు. ఇరవై ఇద్దరు ఒక్కసారి కదిలే ఆ క్షణాల్లో బంతి పట్టినవాడికి హక్కుందో లేదో అధికారి నంబర్ చూసే తేల్చుకుంటాడు. అక్కడి ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 50-79 నంబర్ ఉన్నవాడు రిసీవర్‌గా, అంటే పాస్ అందుకునేవాడిగా, ఆడాలంటే ముందే రెఫరీకి చెప్పుకోవాలి. ఎన్‌ఎఫ్‌ఎల్ 2021లో మిగతా పొజిషన్లకి నంబర్లు చాలా సడలించింది గానీ అఫెన్సివ్ లైన్ జోలికి మాత్రం పోలేదు. అమెరికాలో మన తెలుగు పిల్లలు స్కూల్ టీమ్‌లో చేరి "నాకు 7 కావాలంటే కోచ్ ఇవ్వలేదు" అంటే తల్లిదండ్రులు చూడాల్సింది ముందు వాడి పొజిషన్.

రూల్ నంబర్ మీద నిలబడిన ఆటల్లో లంకె ఉండాలి. మిగతా చోట్ల అది అలవాటు మాత్రమే. హాకీలో పీఆర్ శ్రీజేష్ గోల్‌కీపర్‌గా 16 వేసుకున్నాడు, 2024 పారిస్ ఒలింపిక్స్ తర్వాత సీనియర్ జట్టులో ఆ నంబర్‌కి హాకీ ఇండియా విశ్రాంతి ఇచ్చింది. క్రికెట్‌లో 10 వేసుకున్న సచిన్ వన్డేల్లో ఓపెనర్. "మూడో నంబర్ బ్యాటర్" అన్నప్పుడు జెర్సీ గురించి ఎవరూ అనుకోరు కదా.

వాలీబాల్. ఇక్కడ లంకె పెడితే సమస్యలే. కోర్టులో స్థానాలకి ఇప్పటికే 1 నుంచి 6 దాకా నంబర్లున్నాయి: సర్వ్ చేసే వెనక కుడి స్థానం 1, ముందు కుడి 2, ముందు మధ్య 3, ముందు ఎడమ 4, వెనక ఎడమ 5, వెనక మధ్య 6. సర్వీస్ మనకి తిరిగి వచ్చిన ప్రతిసారీ అందరూ ఒక స్థానం జరుగుతారు. జెర్సీ 4 ఉన్న స్పైకర్ సెట్‌లో ఆరు స్థానాలూ తిరుగుతాడు. లైనప్ స్లిప్‌లో కోచ్ రాయాల్సింది ఒక్కో స్థానం గడిలో ఆ స్థానంలో మొదలుపెట్టే ఆటగాడి జెర్సీ నంబర్. జెర్సీలు కూడా 1 నుంచి 6 దాకా ఉంటే కొత్త కోచ్ స్థానం నంబర్‌నీ జెర్సీ నంబర్‌నీ కలిపేసి రాసేస్తాడు. రొటేషన్ తప్పితే పాయింటూ సర్వీసూ ఎదుటివాళ్లకి. తప్పు ఆర్డర్‌లో సర్వ్ చేస్తూ పాయింట్లు తెచ్చుకున్నారని స్కోరర్ పట్టుకుంటే, ఆ తప్పు మొదలైన దగ్గర్నుంచి వచ్చిన పాయింట్లు పోతాయి. మొదటి ఆరుగురికి 7 నుంచి పైన నంబర్లు ఇవ్వండి. స్లిప్‌లో పొరపాట్లు చాలావరకు అక్కడే తగ్గుతాయి. నంబర్ ఛాతీ మీద కనీసం 15 సెంటీమీటర్లు, వీపు మీద కనీసం 20 సెంటీమీటర్ల ఎత్తు, గీత మందం 2 సెంటీమీటర్లు ఉండాలి. లిబెరో, అంటే వెనక వరసలో డిఫెన్స్ కోసమే ఆడేవాడి, జెర్సీ రంగు వేరు. ఇద్దరు లిబెరోలుంటే రెండు జెర్సీలు ఆ రంగులో కొట్టించండి.

కబడ్డీ. మనవాళ్లు చెస్ట్ నంబర్ అనేది ఇక్కడే ఎక్కువ పని చేస్తుంది. కార్నర్, ఇన్, కవర్, సెంటర్ అని నిలబడతారు గానీ ఒకడు ఔటయ్యాక కవర్ కార్నర్‌కి జరుగుతాడు, ఇన్ కవర్‌కి వస్తాడు. ఏడుగురు నలుగురయ్యేసరికి పొజిషన్లన్నీ మారిపోతాయి. స్కోరర్‌కి కావాల్సింది వేరే: ఎవరు ముందు ఔటయ్యారో వాళ్లే ముందు లోపలికి రావాలి. ఆ వరసని చెస్ట్ నంబర్లతోనే రాస్తాడు. 5, 11, 2 వరసలో ఔటైతే, ఎదుటి జట్టులో ఒకడు ఔటవగానే లోపలికి వచ్చేది 5. మంచి రైడర్ కదా అని తొందరలో 11 దిగితే గొడవ. అందుకే నంబర్ ముందూ వెనకా స్పష్టంగా కనబడాలి. కూర్చునే బ్లాక్‌లో వరస తప్పకుండా ఒకరి పక్కన ఒకరు కూర్చోవాలని కూడా పిల్లలకి నేర్పండి. చెమటకి ఒంటికి అతుక్కుపోయిన జెర్సీ మీద సన్నటి అంకెలు టేబుల్‌కి కనబడవు.

ఇప్పుడు మీ ఆర్డర్ సంగతి. జెర్సీలు పిల్లలవా, కాలేజీవా? దీన్ని బట్టి పద్ధతి మారుతుంది. పిల్లలే డబ్బులు పెట్టుకుంటే నచ్చిన నంబర్ ఇవ్వండి, 1 నుంచి 30 లోపు అని హద్దు పెట్టండి. ఇద్దరు ఒకే నంబర్ అడిగితే (7, 10, 18 మీద గొడవ ఖాయం) సీనియారిటీ ప్రకారం ఇవ్వండి, లేకపోతే చీటీలు వేయండి. జెర్సీలు కాలేజీవై ఏటా కొత్త బ్యాచ్ వేసుకునేవైతే నంబర్ సైజుని బట్టి వెయ్యాలి. 2 నుంచి 6 స్మాల్, 7 నుంచి 14 మీడియం, 15 నుంచి 18 లార్జ్, 19 ఎక్స్‌ఎల్. గోల్‌కీపర్లకి 1, 20 వేరే రంగులో, రెండూ వదులుగా. ఇలా ఉంటే మూడేళ్ల తర్వాత కూడా నంబర్ చూసి సైజు తెలుస్తుంది. పొజిషన్ లెక్కన కొట్టిస్తే ఈ ఏడు పొట్టి కుర్రాడి కోసం తీసిన 9, వచ్చే ఏడు ఆరడుగుల ఫార్వర్డ్‌కి పట్టదు.

షాపు అతనికి ఫోన్లో చెప్పకండి. నంబర్, వీపు మీద పేరు, సైజు, నిక్కరు సైజు అని నాలుగు గళ్ల కాగితం రాసి ఫొటో పంపండి, ప్రింట్‌కి ముందు డిజైన్ మళ్లీ తెప్పించుకుని ఒక్కో నంబర్ టిక్ పెట్టుకోండి. సబ్లిమేషన్ ప్రింట్ అయితే నంబర్ బట్టలోనే కలిసిపోతుంది, ఊడదు, కానీ తప్పు పడితే సరిచేయడం కుదరదు. అది పాలిస్టర్ బట్టకే పడుతుంది. హీట్ ప్రెస్ స్టిక్కర్ అయితే మార్చుకోవచ్చు గానీ వేడినీళ్లకీ ఇస్త్రీకీ అంచులు లేస్తాయి. తిరగేసి చల్లనీళ్లలో ఉతకమని చెప్పండి.

అంకెల ఆకారం చూసుకోండి. స్టైల్ కోసం వంకర అక్షరాలు పెట్టిస్తే దూరం నుంచి 1, 7 ఒకటిగా కనిపిస్తాయి, 3, 8 కలిసిపోతాయి. పసుపు మీద తెలుపు, నేవీ బ్లూ మీద ఎరుపు వద్దు. చారల జెర్సీ అయితే నంబర్ వెనక ఒకే రంగు పట్టీ వేయించండి. ఫుట్‌బాల్ వీపు నంబర్ 25 సెంటీమీటర్ల ఎత్తు ఉంటే అవతలి లైన్ దగ్గరున్న అసిస్టెంట్ రెఫరీకి కూడా కనబడుతుంది. ఫుట్‌బాల్ ఆట నిబంధనల్లో ఆటగాడు వేసుకోవాల్సినవి జెర్సీ, షార్ట్స్, మేజోళ్లు, షిన్‌గార్డ్‌లు, బూట్లు. నంబర్ ఎంతలో ఉండాలి, ఎంత సైజు అనేది పోటీ పెట్టేవాళ్ల నియమావళిలో ఉంటుంది. యూనివర్సిటీ టోర్నీకి వెళ్తుంటే ఆర్డర్ ఇచ్చేముందే ఆ కాగితం చదవండి.

చివరగా, 20తో పాటు రెండు ఉత్త జెర్సీలు నంబర్ లేకుండా తీసుకోండి, ఒకటి టీమ్ రంగులో, ఒకటి గోల్‌కీపర్ రంగులో, రెండూ లార్జ్. జెర్సీ చిరిగినా, రక్తం అంటినా ఆటగాడు దాన్ని మార్చుకునే లోపలికి రావాలి. గోల్‌కీపర్‌కి దెబ్బ తగిలి సబ్‌స్టిట్యూట్లు అయిపోతే మైదానంలో ఉన్న 5 గోల్‌లోకి వెళ్లొచ్చు, ఆట ఆగినప్పుడు రెఫరీకి చెప్పి మార్చుకోవాలి, రంగు వేరుగా ఉండాలి. అప్పుడు ఇంకో గోల్‌కీపర్ 20 జెర్సీ వేసుకుంటే టీమ్ షీట్‌లో 20 వేరే మనిషి. ఉత్త జెర్సీ మీద వెడల్పు టేపుతో 5 వేసి పంపితే షీట్ ప్రకారం అతను అతనే. ఆ టేపు, కత్తెర, టీమ్ షీట్ కాపీ ఫస్ట్ ఎయిడ్ డబ్బాలోనే పెట్టుకోండి.